తుడిచిన ఇల్లు, తిరిగి వచ్చిన దోషము

ధ్యానభాగము: మత్తయి 12:43–45



నేడు మన గ్రామములలో అనేక గృహములందు స్మార్ట్‌ఫోను ఉన్నది. పట్టణమునకు పనికి పోయిన కుమారుని కంఠము తల్లికి దానిలోనే వినబడుచున్నది. బ్యాంకులో సొమ్ము పడిన వర్తమానము దానిలోనే వచ్చుచున్నది. ఆరాధనలో కొందరు వేదవాక్యమును కూడ దానిలోనే చూచి చదువుచున్నారు. అట్టి వస్తువు చెడినయెడల ఇల్లంతయు కలవరపడును.

దానికి వచ్చు జబ్బులలో ఒకటి మనలో చాలమంది ఎరిగినదే. తెరమీద ఒక హెచ్చరిక లేచును: ఫలాని యాప్ ఆగిపోయినది. దానిని మూసివేసినయెడల మరల లేచును. పదిమార్లు మూసిన తరువాత ఎవరో ఒకరు, “ఫ్యాక్టరీ రీసెట్ చేయుడి, కొత్త ఫోనువలె అగును” అని సలహా చెప్పుదురు. అట్లు చేయగా ఫోటోలు పోవును, దాచుకొన్న మాటలు పోవును, తెర తేటగా వెలుగును. ఇంటివారు సంతోషింతురు. గాని రెండు మూడు దినములు కాకమునుపే అదే హెచ్చరిక తిరిగి లేచును. “అంతయు తుడిచితిమి గదా, ఇది ఎక్కడనుండి వచ్చినది?” అని యజమానుని ముఖము చిన్నబోవును.

ఈ ప్రశ్న ఫోనును గూర్చినది మాత్రమే కాదు. డిసెంబరు 31 రాత్రి కూడికలో కన్నీటితో మోకరించి, ఇక త్రాగనని ప్రమాణము చేసిన సహోదరుడు సంక్రాంతి నాటికి కల్లుపాకలో కూర్చున్నప్పుడు, అతని భార్య అడుగు ప్రశ్నయు ఇదియే. ఉజ్జీవ కూటములలో సమాధానపడిన అన్నదమ్ములు నాట్లు వేయు దినములలో మరల గట్టు దగ్గర కలియబడినప్పుడు, సంఘపెద్దలు అడుగు ప్రశ్నయు ఇదియే. ప్రభువు ఈ సంగతిని ఎరుగును. అపవిత్రాత్మ విడిచిపోయిన ఒక మనుష్యుని గూర్చి ఆయన చెప్పెను. ఆ ఇల్లు ఊడ్చబడినది, అలంకరింపబడినది, గాని ఖాళీగా ఉండెను. పోయినది మరి యేడుగురిని వెంటబెట్టుకొని వచ్చెను. ఆ మనుష్యుని కడపటి స్థితి మొదటిదానికంటె చెడ్డదాయెను. కాబట్టి తుడిచిన తరువాత దోషము ఎక్కడనుండి తిరిగి వచ్చునో మనము విచారింతము.

మొదట ఫ్యాక్టరీ రీసెట్ అనగా ఏమో తెలిసికొనవలెను. ఆండ్రాయిడ్ ఫోనులో మనము చేర్చిన యాప్‌లు, మనము మార్చిన అమరికలు, మనము దాచిన సమాచారము ఒక భాగములో నుండును. రీసెట్ ఆ భాగమును తుడిచివేయును. ఫోనును నడిపించు మూల వ్యవస్థ వేరొక భాగములో నుండును. రీసెట్ దానిని క్రొత్తగా చేయదు. లోపలి చిప్పును, బ్యాటరీని, నీటిలో తడిసిన తీగను అది బాగుచేయదు. ఇల్లు ఊడ్చుట మంచిదే. గాని చీపురు గోడ బీటను పూడ్చదు.

మొదటి సంగతి: దాచియుంచినది. అనేక ఫోనులలో మెమరీ కార్డు అను చిన్న ముక్క యుండును. సాధారణముగా రీసెట్ చేసినప్పుడు ఇది తుడవబడదు. లోపలిది అంతయు శుభ్రమైనను, చెడిపోయిన కార్డు ప్రక్కన అట్లే కూర్చుండును. అందుచేత తెలిసినవారు కార్డును తీసివేసి, ఒకటి రెండు దినములు ఫోనును వాడి చూడుమందురు. హెచ్చరిక రాకపోయినయెడల దోషము ఎక్కడ నున్నదో తెలిసినట్లే.

యెహోషువ గ్రంథము 7వ అధ్యాయమును తెరచుడి. యెరికో ప్రాకారములను కూలిన కన్నులార చూచిన జనులు చిన్నదైన హాయి పట్టణము ఎదుట ఓడిపోయిరి. 36 మంది చచ్చిరి. యెహోషువ వస్త్రములు చింపుకొని నేలమీద సాగిలపడెను. దేవుడు అతనిని లెమ్మని చెప్పి, జనుల మధ్యనున్న దానిని వెదకుమనెను. ఆకాను డేరాలో ఒక మంచి పైవస్త్రము, 200 తులముల వెండి, 50 తులముల బంగారు కడ్డీ మట్టిక్రింద దొరికెను. ఓటమి హెచ్చరిక మాత్రమే. కారణము డేరాలో ఉండెను.

ప్రియులారా, ప్రార్థన ఎంత చేసినను శాంతి నిలువనప్పుడు మన డేరా నేలను త్రవ్వి చూచుకొందమా? తీర్చక దాచిన బాకీ చీటీ ఉన్నదా? తక్కువ తూచు రాయి ఉన్నదా? చెల్లెలికి రావలసిన పొలము మన పేర ఉన్నదా? మన పాపములను ఒప్పుకొనినయెడల దేవుడు నమ్మదగినవాడై క్షమించునని యోహాను మొదటి పత్రిక మనకు అభయమిచ్చుచున్నది. తుడుచుట ఆయన పని. దాచినదానిని వెలికి తెచ్చుట మన పని.

రెండవ సంగతి: మరల తెచ్చుకొన్నది. రీసెట్ అయిన ఫోను మొదట తెరచినప్పుడు, గూగుల్ ఖాతాలో భద్రపరచిన పాత యాప్‌లను, అమరికలను తిరిగి దించుకొందువా అని అడుగును. మనము తొందరపడి అన్నిటికిని సమ్మతింతుము. కష్టపడి బయటికి ఊడ్చినదంతయు ఒక్క వేలి తాకుడుతో లోపలికి వచ్చును. దానితో కూడ ఆ చెడు యాప్ కూడ వచ్చును. జ్ఞానముగల మార్గము వేరు. ఫోటోలను, పేర్లను, నంబర్లను తెచ్చుకొనుడి, గాని యాప్‌లను ఒక్కసారిగా తెచ్చుకొనక, ఒక్కొక్కటిగా చేర్చి, ఒక్కొక్క దినము పరీక్షించుడి. దేనిని చేర్చిన తరువాత హెచ్చరిక లేచునో అదే నేరస్థురాలు. రీసెట్ చేయకమునుపే సేఫ్ మోడ్ అను ఏర్పాటులో నడిపి చూడవచ్చును. అందులో మనము చేర్చిన యాప్‌లు నిలిచిపోవును. అప్పుడు హెచ్చరిక రాకపోయినయెడల చేర్చినవాటిలోనే దోషమని తేలును, అంతయు తుడువవలసిన అవసరమే ఉండకపోవచ్చును.

ఇశ్రాయేలీయులు ఐగుప్తును విడిచిరి, సముద్రమును దాటిరి. అయినను సంఖ్యాకాండము 11వ అధ్యాయములో వారు చేపలను, కీరకాయలను, ఉల్లిని, వెల్లుల్లిని తలంచుకొని ఏడ్చిరి. దేహము ఐగుప్తునుండి వచ్చెను, ఆకలి అక్కడనే నిలిచెను. మానిన సహోదరుడు మరల ఆ స్నేహితులతోనే, ఆ చెట్టుక్రిందనే, ఆ సాయంకాలపు వేళనే కూర్చున్నయెడల, మానినదానిని తానే దించుకొనుచున్నాడు. విడిచిన జీవితములో నుండి తల్లిదండ్రుల ప్రేమను, చేతి పనిని, పాటను తిరిగి తెచ్చుకొనవచ్చును. గాని ప్రతిదానిని గడపయొద్ద నిలిపి, “నీవు నన్ను ఎక్కడికి తీసికొనిపోవుదువు?” అని అడిగి లోపలికి రానియ్యవలెను.

మూడవ సంగతి: ప్రతి దోషము యజమానుని తప్పు కాదు. 2021 మార్చి నెలలో లోకమంతట అనేక ఆండ్రాయిడ్ ఫోనులలో యాప్‌లు వాటంతట అవే ఆగిపోయినవి. వెబ్‌వ్యూ అను ఒక భాగమునకు పంపబడిన క్రొత్త రూపములో దోషముండుటయే కారణము. వాడుకొనువారు ఏ తప్పును చేయలేదు. గూగుల్ సంస్థ సరిచేసిన రూపమును పంపినప్పుడు అది తీరినది. అట్టి దినమున తన ఫోనును తుడిచివేసికొన్నవాడు ఫోటోలను పోగొట్టుకొనును గాని దోషమును పోగొట్టుకొనడు. అట్లే ఫోనులో తేదీ, గడియారము తప్పుగా నున్నను కొన్ని యాప్‌లు, వెబ్ పేజీలు తెరచుకొనక హెచ్చరించును. గడియారము సరిచేసిన చాలును.

పుట్టుగ్రుడ్డివానిని చూచి శిష్యులు, పాపము చేసినది వీడా, వీని కన్నవారా అని అడిగిరి. ఇద్దరును కారని ప్రభువు చెప్పెను. ఇది యోహాను 9వ అధ్యాయములో ఉన్నది. మన సంఘములలో ఈ మాట మరల మరల వినబడవలెను. బిడ్డలు లేని సహోదరిని, ఫిట్స్ వచ్చు పిల్లవానిని, మనస్సు క్రుంగి పని చేయలేని యౌవనస్థుని చూచి, “ఏదో దాచిన పాపమున్నది, ఇంకను ఉపవాసముండుము” అని చెప్పువారున్నారు. ఆకానును వెదకవలసిన చోట వెదకుదము. గాని ప్రతి గాయమునందు ఆకానును వెదకువాడు గాయపడినవానిని మరల కొట్టుచున్నాడు. వైద్యుని యొద్దకు తీసికొనిపోవలసినవారిని తీసికొనిపోవుదము. ప్రార్థించుచు తీసికొనిపోవుదము.

నాలుగవ సంగతి: లోతైనది. కార్డు తీసినను, పాతవాటిని తెచ్చుకొనకపోయినను, అప్‌డేట్ చేసినను, గడియారము సరిచేసినను హెచ్చరిక వచ్చుచునేయున్నయెడల, మూల వ్యవస్థలోనైనను లోపలి చిప్పులోనైనను చెరుపు ఉండవచ్చును. ఇక ఇంటిలో కూర్చుండి పదిమార్లు తుడిచినను ప్రయోజనము లేదు. దాని నిర్మాణమును ఎరిగినవాని చేతికి ఇయ్యవలెను.

రాజైన యోషీయా 8 ఏండ్లవాడై సింహాసనమెక్కి 31 సంవత్సరములు ఏలెను. తన యేలుబడి 18వ సంవత్సరమున ధర్మశాస్త్ర గ్రంథము దొరకగా విని, వస్త్రములు చింపుకొనెను. దేశమంతట విగ్రహములను కూలద్రోసెను, బలిపీఠములను పగులగొట్టెను, పస్కాను ఆచరింపజేసెను. యూదా దేశము అంతకంటె శుభ్రముగా ఊడ్చబడిన కాలము లేదు. అతడు చనిపోయినప్పుడు అతని కుమారుడు యెహోయాహాజు 3 నెలలు ఏలెను, ఆ మూడు నెలలలోనే చెడుతనము జరిగించెను. యూదా పూర్ణహృదయముతో తిరుగలేదని, పైకి మాత్రమే తిరిగినదని యిర్మీయా దుఃఖించెను. విగ్రహములు కొండలమీదనుండి పోయెను, హృదయములలోనుండి పోలేదు. అందుచేతనే దేవుడు యెహెజ్కేలుద్వారా రాతిగుండెను తీసివేసి మాంసపు గుండెను ఇత్తునని వాగ్దానము చేసెను. అది మనము చేసికొను పని కాదు. చేసినవాడే చేయవలసిన పని. మన ప్రమాణములు ఎన్ని విరిగినను ఆయన వాగ్దానము విరుగలేదు.

ఇప్పుడు ప్రభువు చెప్పిన ఇంటికి తిరిగి వత్తము. ఊడ్చుట దోషమని ఆయన చెప్పలేదు. ఖాళీగా నుండుటయే అపాయము. వలస పోయినవారి ఇంటిని మనము చూచియున్నాము. సున్నము వేసి, ముగ్గు పెట్టి, తాళము వేసి పోయినను, ఏడాదికి గబ్బిలములు చేరును, పుట్ట లేచును. ప్రక్కనున్న పూరిల్లు పాతదైనను అట్లు పాడుబడదు, ఏలయనగా అక్కడ పొయ్యి వెలుగుచున్నది, దీపమున్నది, మనుష్యుల సందడి యున్నది. ఇంటిని కాపాడునది ఊడ్చుట కాదు, కాపురము.

ఫోనులోను ఇట్టి గురుతు ఒకటి ఉన్నది. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 5.1 మొదలుకొని, గూగుల్ ఖాతా యున్న ఫోనును సెట్టింగులలోనుండి గాక ప్రక్కనున్న బటన్లు నొక్కి తుడిచినయెడల, మరల తెరచునప్పుడు అది పూర్వపు ఖాతాను అడుగును. దొంగకు పనికిరాకుండ ఈ కాపుదల ఏర్పరచబడినది. అంతయు తుడవబడిన తరువాత అడుగబడు ప్రశ్న ఏమనగా, నీవు ఎవనివాడవు? మన మారుమనస్సు కూడ ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలెను. “త్రాగుట మానితిని” అనునది సగము మాట. “నేను క్రీస్తువాడను, ఆయన నాలో కాపురమున్నాడు” అనునది పూర్తి మాట.

కాబట్టి, పడిపోయి సిగ్గుతో గుడికి రాక మానిన సహోదరుడా, నీతో మేము చెప్పునది ఇదే. మరియొక డిసెంబరు 31 కొరకు కనిపెట్టకుము. తిరిగి వచ్చిన దోషము దేవుడు నిన్ను విడిచెనని సాక్ష్యము కాదు. వెదకవలసిన చోటు ఇంకను ఉన్నదని హెచ్చరిక. కూలి డబ్బు చేతిలో పడిన సాయంకాలము నేరుగా ఇంటికి పొమ్ము, దానిని నీ భార్య చేతికి ఇమ్ము. ఆ గడియలో పెద్దలలో ఒకరిని నీ అరుగుమీదికి పిలుచుకొనుము. రెండు వచనములు చదువుకొనుడి, కలిసి భోజనము చేయుడి. సంఘస్థులారా, మీరును అతనిని చూచి, “మరల మొదలుపెట్టినాడా?” అని నవ్వకుడి. ఖాళీ ఇంటిలో దీపము పెట్టుటకు వెళ్లుడి.

ప్రార్థన: మా దేవా, మా డేరాలలో దాచినదానిని వెలికి తెమ్ము. విడిచినదానివైపు తిరుగకుండ మా కన్నులను కాపాడుము. నిందలేని గాయములను మాన్పుము. మేము మార్చుకొనలేని హృదయమును నీవే మార్చి, ఊడ్చిన ఈ ఇంటిలో నీవే కాపురముండుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.