చాయ కాదనకుండ చక్కెర మానుడెట్ల?



మన నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఎవరింటికి పోయినా మొదటి మాట ఒకటే: "కూసో అన్నా, చాయ తాగు." పొద్దంతా వాడలు తిరిగితే ఆరేడు చాయలు. ఒక్కో గ్లాసుల రెండు చెంచాల చక్కెర. ఇరవై ఏండ్లు నేనట్లనే తిరిగిన. పోయిన ఏడు రక్తపరీక్ష చేయిస్తే, షుగర్ అంచుకొచ్చింది, చక్కెర మానమన్నడు డాక్టర్.

మానుడు అల్కగనే ఉంటదనుకున్న. ఆ వారమే ఒక దళితవాడల ఒక అవ్వ చాయ తెస్తే "వద్దవ్వా" అన్న. అవ్వ గ్లాసు దిక్కు చూసింది, నా దిక్కు చూసింది, ఏమనకుండ లోపటికి పోయింది. రెండు గ్లాసుల పద్ధతి చూసిన మనిషి ఆమె. తన ఇంటి గ్లాసు ఎవరెందుకు ముట్టరో ఆమెకు ఒకరు చెప్పాల్నా?

మరి ఏది ధర్మం? ఒంటికి మేలు చేసుకోబోయి ఒక మనిషి గౌరవాన్ని గాయపరచవచ్చునా? ఆమె గౌరవం కోసం ఒళ్లు పాడుచేసుకోవచ్చునా?

భగవాన్ బుద్ధుడు తీపిని పాపమనలేదు. జబ్బుపడ్డ భిక్షువులకు అనుమతించిన ఐదు మందులు నెయ్యి, వెన్న, నూనె, తేనె, ఫాణితం. ఫాణితమంటే చెరుకు రసం కాచిన పాకం. దాన్ని తీసుకున్న భిక్షువు ఏడు రోజులకు మించి దగ్గర పెట్టుకోరాదు. అంటే తీపి ఒక మందు, దానికొక హద్దు. మనం ఆ హద్దు తీసేసి మందును అలవాటు చేసుకున్నం. చక్కెరకు బదులు బెల్లం వేసినా అలవాటు అలవాటే. నాలుక ఇంకా కావాలంటది చూడండి, అదే తృష్ణ.

కోసల రాజు ప్రసేనజిత్తు కడుపు పగిలేటట్టు తిని, ఆయాసపడుకుంట బుద్ధుని దగ్గరకొచ్చిండు. మితమెరిగి తినేవానికి బాధలు తగ్గుతయని బుద్ధుడు చెప్పిండు. భోజనం వేళ ఆ మాట గుర్తుచేయమని రాజు ఒక యువకుణ్ణి పెట్టుకున్నడు. ఒక్కనాడే మానలేదు, మెల్లమెల్లగ తగ్గించిండు. మనకూ అదే దారి. రెండు చెంచాలు ఒకటిన్నర, ఒకటి, అర. పెద్దలకు రోజుకు 25 గ్రాములు, అంటే ఆరు చెంచాల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. మూడు చాయలకే ఆ లెక్క నిండుతది. ఒక్క కూల్‌డ్రింకు తాగితే సగం పైననే.

బాబాసాహెబ్ అంబేడ్కర్ కూడ చివరి ఏండ్లు షుగర్‌తోని బాధపడ్డరు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌ల మనకు ధమ్మదీక్ష ఇచ్చిన్రు, డిసెంబర్ 6న వెళ్లిపోయిన్రు. నడుమ రెండు నెలలు కూడ లేవు. ఉద్యమానికి ఒళ్లు కావాలె, మిత్రులారా.

నెల తర్వాత ఆ అవ్వ ఇంటికి మళ్ల పోయిన. ఈసారి నేనే అడిగిన: "అవ్వా, చాయ పెట్టు. చక్కెర మాత్రం వెయ్యకు, షుగర్ అంచుల ఉన్న." అవ్వ నవ్వింది. "నాక్కూడ షుగరే బిడ్డా. ఆనాడు నువ్వొస్తవని దుకాణంల చక్కెర తెప్పించిన."

ఇద్దరం చక్కెర లేని చాయ తాగినం.

గౌరవం గ్లాసుల ఉన్నది, చక్కెరల లేదు. గ్లాసును ఎన్నడూ కాదనకండి. చక్కెర వద్దని ముందే, ప్రేమతోని చెప్పండి. మీ ఇంటికొచ్చిన వారిని కూడ చక్కెర వేసే ముందు ఒక్కమాట అడగండి.