సీసా, కుండ, హద్దు

మన తాండాల్లో, ఎరుకల వాడల్లో కుర్రవాళ్ల నోట ఈ మధ్య ఒక మాట తరచుగా వినిపిస్తోంది. "మేం సారా ముట్టం. తాగితే బీరే." ఆ మాట చెప్పేటప్పుడు వాళ్ల గొంతులో కొంచెం గర్వం ఉంటుంది. సారా అంటే నాయనలు, తాతలు, పోలీసులు, కేసులు. బీరు అంటే ప్రొద్దుటూరు, ఫ్రిజ్, ఏసీ గది, ఉద్యోగస్తులు. ఒకటి సిగ్గు, ఇంకొకటి హోదా.

ఇంకోవైపు మన పెద్దల్లో కొందరి మాట వేరు. "తాతల కాలం నుంచీ ఉన్నదే కదా. దేవునికి పోస్తాం, పెండ్లికి పోస్తాం, చావుకు పోస్తాం. ఇది మా ఆచారం. అడగడానికి మీరెవరు?" అంటారు.

ఈ రెండు మాటలనూ పక్కపక్కన పెట్టి చూద్దాం. మొదటిది, చట్టం ఒప్పుకుంది కాబట్టి మంచిదే అంటోంది. రెండోది, ఆచారం కాబట్టి మంచిదే అంటోంది. చట్టం ఒప్పుకున్నంత మాత్రాన ఒక పని మంచిదవుతుందా? తాతలు చేశారన్నంత మాత్రాన అది తప్పు కాకుండా పోతుందా? పిల్లలకు పాఠం చెప్పే మనం, రేపు తాండాను నడిపించాల్సిన మనం, ఈ ప్రశ్నకు ముందు మనలో మనం జవాబు చెప్పుకోవాలి.

హోదాగా కనిపిస్తున్న బీరు సంగతి మొదట చూద్దాం. మన ఊళ్లలో అమ్మే బీరు దాదాపు అంతా లాగర్ అనే రకం. 'నిల్వ చేయడం' అనే అర్థం ఉన్న జర్మన్ మాట నుంచి ఆ పేరు వచ్చింది. బార్లీ గింజలను నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెడతారు. మొలకెత్తితేనే గింజలోని పిండి చక్కెరగా మారడానికి వీలవుతుంది. ఆ గింజలను పిండి చేసి, వేడినీళ్లలో కలిపి తీపి రసం తీస్తారు. చేదు కోసం హాప్ అనే తీగ పూలు వేసి కాచి, చల్లార్చి, ఈస్ట్ కలుపుతారు. లాగర్ ఈస్ట్ చల్లటి చోట నిదానంగా పనిచేస్తుంది. పులిసిన తర్వాత కూడా దాన్ని వారాల తరబడి చలిలోనే ఉంచుతారు.

ఈ బీరు పెరిగింది జర్మనీలోని బవేరియా ప్రాంతంలో. అక్కడ దానికి గట్టి కట్టుబాట్లు ఉండేవి. బీరులో బార్లీ, హాప్, నీళ్లు తప్ప ఇంకేమీ వేయకూడదని 1516లో అక్కడి పాలకులు ఆజ్ఞ వేశారు. ఎండాకాలంలో బీరు కాయకూడదని 1553లో ఇంకో ఆజ్ఞ వచ్చింది. సెప్టెంబరు ఆఖరు నుంచి ఏప్రిల్ ఆఖరు లోపలే కాయాలి. ఎండలో కాచింది చెడిపోతుంది కాబట్టి ఆ నియమం పెట్టారు. చలికాలంలో కాచినదాన్ని నేలమాళిగల్లో, మంచుగడ్డల మధ్య దాచి ఎండాకాలమంతా వాడుకునేవాళ్లు. ఇప్పుడు సీసాలో కనిపించే లేత బంగారు రంగు మాత్రం 1842లో వచ్చింది. నేటి చెక్ దేశంలోని ప్లజెన్ పట్టణంలో జోసెఫ్ గ్రోల్ అనే బవేరియా పనివాడు ఆ రకాన్ని మొదట కాచాడు.

1870లలో కార్ల్ లిండే అనే ఇంజనీరు తయారుచేసిన శీతల యంత్రాలు బీరు కర్మాగారాల్లోకి వచ్చాయి. దానితో రుతువు పెట్టిన హద్దు పోయింది. చలిదేశంలో చలికాలంలో మాత్రమే కాయగలిగిన బీరును ఇప్పుడు ఏ దేశంలోనైనా, ఏ నెలలోనైనా కాయొచ్చు. మే నెలలో రాళ్లు పగిలే ఎండలో జమ్మలమడుగులో చల్లటి బీరు దొరకడం ఆ యంత్రం చలవే. అంతకుముందు ఎంత కాయాలో, ఎంత తాగాలో కొంతవరకు కాలం నిర్ణయించేది. తర్వాత అది కొనేవాడి జేబు, అమ్మేవాడి ఆశ మీదికి వచ్చింది.

ఇందులో అడవి బిడ్డలమైన మనం తెలుసుకోవాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. లాగర్ ఈస్ట్ రెండు జాతుల కలయిక వల్ల పుట్టింది. అందులో ఒకటి రొట్టెనూ కల్లునూ పులియబెట్టే జాతే. రెండోది ఎక్కడిదో చాలాకాలం తెలియలేదు. చివరికి దక్షిణ అమెరికా కొసన ఉన్న పటగోనియా అడవుల్లో, చెట్ల మీద దాన్ని కనుక్కున్నామని 2011లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. అంటే ఏసీ గదిలో తాగే బీరుకూ, చెట్టు కింద తాగే కల్లుకూ దూరపు చుట్టరికం ఉంది. ఒకటి నాగరికం, ఇంకొకటి మోటు అనే మాటలో నిజం లేదు. పులిసే పని రెండింటిలోనూ ఒక్కటే.

అయితే తేడా ఎక్కడుంది? నిల్వలో ఉంది.

పెన్నా, పాపాఘ్ని, చిత్రావతి ఒడ్డున ఈత చెట్లు మనకు కొత్త కాదు. చెట్టు గీసేది ఈడిగవాళ్లు. ఆ చెట్టు ఆకుతో బుట్టలు, చీపుర్లు అల్లేది మన ఎరుకలవాళ్లు. తెల్లవారుజామున దించిన కల్లు తియ్యగా ఉంటుంది. పొద్దెక్కేకొద్దీ ఘాటెక్కుతుంది. మరుసటి రోజుకు నోట పెట్టలేనంత పుల్లనవుతుంది. "చెట్టు ఇచ్చింది ఈ పొద్దుకే నాయనా, రేపటికి దాస్తే పులిసిపోతాది" అని మన అవ్వలు అనేవాళ్లు. దాచుకోలేనిదాన్ని పంచుకోక తప్పదు. అందుకే కల్లు నలుగురిలో కూర్చుని తాగేదిగానే ఉండేది. మొదటి చుక్క నేలకు, దేవతకు. కుల పంచాయతీలో తగవు తీరాక, ఇద్దరూ ఒక్కచోట కూర్చుని తాగితే తగవు ముగిసినట్టు. అది మందు మాత్రమే కాదు, ఒక రకమైన సంతకం కూడా.

ఆ కాలాన్ని మనం బంగారు కాలమని చెప్పడం లేదు. అప్పుడు కూడా తాగి ఇల్లు గుల్ల చేసినవాళ్లున్నారు, పెండ్లాన్ని కొట్టినవాళ్లున్నారు. మన రాయలసీమలోనే, గుత్తి ప్రాంతంలో పుట్టారని చెప్పుకునే సేవాలాల్ మహరాజ్ మత్తుకు దూరంగా ఉండమన్నారని సుగాలి పెద్దలు చెబుతారు. మత్తు వద్దన్న మాట కూడా మన ఆచారంలోదే. ఆచారం పేరు చెప్పేవాళ్లు ఈ సగం మరిచిపోకూడదు.

సారా దగ్గరికి వచ్చేసరికి కథ మారింది. బెల్లం, తుమ్మ చెక్క వేసి ఊట పెట్టి, బట్టీ మీద ఆవిరి పట్టి తీసిన సారా చెడిపోదు. దాచొచ్చు, క్యాన్లలో పోసి మోటారుసైకిల్ మీద ఇంకో ఊరికి పంపొచ్చు. వాన మీద ఆధారపడిన శెనక్కాయ చేను మూడేళ్లు వరసగా ఎండిపోతే, తాండాలో కొందరికి బట్టీయే పంట అయింది. కాచేవాడు పేదవాడు. బెల్లం అప్పు ఇచ్చేవాడు, సరుకు ఎత్తుకుపోయేవాడు ఎక్కడో ఉంటారు. కేసు మాత్రం కాచేవాడి మీదే. ఇక్కడ దేవత లేదు, పంచాయతీ లేదు, నలుగురు లేరు. ఉన్నది అమ్మకం ఒక్కటే. దీన్ని ఆచారం అని పిలిస్తే మన దేవతకే అవమానం.

ఇక చట్టం సంగతి. 1886 మద్రాసు అబ్కారీ చట్టం నాటి నుంచి మందు మీద సర్కారు చూపు రెండు వైపులా ఉంది. ఒక కన్ను ఆదాయం మీద, ఇంకో కన్ను నేరం మీద. మన కడప జిల్లాకు ఇందులో ప్రత్యేకమైన చోటు ఉంది. రాజాజీ ప్రభుత్వం 1937లో సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలుపెట్టి, 1938లో చిత్తూరు, కడప జిల్లాలకు తెచ్చింది. పోయిన ఆదాయం పూడ్చుకోవడానికి 1939లో అమ్మకం పన్ను వేసింది. అంటే దేశంలో మద్యనిషేధం చవిచూసిన తొలి జిల్లాల్లో మనదీ ఒకటి. ఆ నిషేధం నిలిచిందా? నిలవలేదు. పైనుంచి వచ్చింది పైనుంచే పోయింది.

1986 సంవత్సరాన్ని కూడా గుర్తుపెట్టుకోవాలి. మన రాష్ట్రంలో ముందస్తు నిర్బంధ చట్టం ఆ ఏడాదే వచ్చింది. దొంగసారా వ్యాపారి అనుకున్నవాడిని విచారణ లేకుండానే నెలల తరబడి జైల్లో ఉంచొచ్చని అది చెప్పింది. రాష్ట్రమంతటికీ మద్యం టోకుగా సరఫరా చేసే సర్కారు బెవరేజెస్ కార్పొరేషన్ కూడా ఆ ఏడాదే పుట్టింది. కుండకు జైలు, సీసాకు గోదాము. దీన్నిబట్టి సారా మంచిదని చెప్పలేం. కానీ చట్టబద్ధం అనే ముద్ర ఆరోగ్యం చూసి వేసింది కాదని మాత్రం చెప్పగలం. తాగడానికి ఇంతవరకు ప్రమాదం లేదు అని చెప్పగలిగే మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. ఆ మాట సారాకూ బీరుకూ ఒక్కటే. పైగా మన దేశంలో అమ్ముడయ్యేది ఎక్కువగా స్ట్రాంగ్ బీరే.

మన జాతులకు ఇంకో గాయం కూడా ఉంది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. ఎరుకలవాళ్లను పుట్టుకతోనే దొంగలన్నది. 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది, కానీ ఆ చూపు పోలేదు. తాండా పేరు చెప్పగానే "సారా తాండా పిల్లోడా?" అని అడిగే బడులను మనం చూశాం. బీరు సీసాతో పట్టణంలో దొరికిన కుర్రవాడిని తాగుబోతు అంటారు. సారాతో దొరికిన మనవాడిని మాత్రం జాతి పేరుతో పిలుస్తారు. అందుకే మన కుర్రవాళ్లు బీరు వైపు పరుగెత్తుతున్నారు. వాళ్లు కోరుకుంటున్నది మత్తు కన్నా ఎక్కువగా మర్యాద. ఆ ఆకలి న్యాయమైనదే. కానీ సీసా కొంటే మర్యాద రాదు, సీసా ఖర్చు మాత్రం వస్తుంది.

రాజ్యాంగ సభలో 1948 నవంబరులో ఈ చర్చ జరిగింది. మద్యనిషేధం రాజ్య విధానంగా ఉండాలన్న మాట వచ్చినప్పుడు, ముండా ఆదివాసీ నాయకుడు, 1928 ఒలింపిక్స్‌లో మన హాకీ జట్టు కెప్టెన్ జైపాల్ సింగ్ లేచి అభ్యంతరం చెప్పారు. బియ్యం కల్లు ఆదివాసుల పూజలో, పనిలో భాగమని, దాన్ని నిషేధించడం తమ మత హక్కులో వేలు పెట్టడమని వాదించారు. అయినా ఆ విధానం 47వ అధికరణంలో చేరింది. జైపాల్ సింగ్ మాటలో పెద్ద నిజం ఉంది. మన దేవతకు పోసే చుక్కను నేరమనే అధికారం ఎవరికీ ఉండకూడదు. కానీ ఆయన కాపాడాలనుకున్నది పూజలోని కుండను. తాండా చివర అమ్మే క్యానుకు ఆ మాట చెల్లదు. పుట్టినరోజు పార్టీలో పేర్చిన బీరు కేసుకూ చెల్లదు.

మరి మంచిచెడ్డలు తేల్చేదేది? మాకు తోచినది ఇది. ఒక పానీయాన్ని దాని వయసును బట్టీ, దాని లైసెన్సును బట్టీ తూచకూడదు. దానికి హద్దు పెట్టింది ఎవరు, ఆ హద్దు ఎవరి మేలు కోసం అని అడగాలి. పాత లాగర్‌కు రుతువు హద్దు పెట్టింది. కల్లుకు ఈ పొద్దు అనేదే హద్దు. పూజకు, పంచాయతీకి పెద్దలు హద్దు పెట్టారు. నేటి బీరుకు ఉన్నవి ధర, దుకాణం వేళలు. వాటిని పెట్టింది ఆదాయం లెక్క. బెల్టు షాపు వచ్చాక ఆ వేళలు కూడా లేవు. సారాకు ఏ హద్దూ లేదు.

పెద్దలే హద్దు పెడితే చాలా? పెద్దలంటే మగవాళ్లేనా అని మన అక్కచెల్లెళ్లు అడుగుతారు. అడగాలి. దానికి జవాబు మన పక్క జిల్లాలోనే ఉంది. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత తరగతులకు వచ్చిన ఆడవాళ్లు, సారా వల్ల చితికిన సంసారం కథను పాఠంగా చదివారు. అది తమ కథేనని గుర్తుపట్టారు. దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటి ఆడవాళ్లు దుకాణం మూయించారు. 1992 నాటికి అది జిల్లాను, ఆ తర్వాత రాష్ట్రాన్ని కదిలించింది. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ప్రభుత్వం ఆ నిషేధాన్ని ఎత్తేసింది. చట్టం వెనక్కి పోయింది, కానీ ఒక పాఠం ఆడవాళ్ల చేత అంత పని చేయించిందన్న సంగతి వెనక్కి పోదు. ఉపాధ్యాయులు దీన్ని గుండెల్లో పెట్టుకోవాలి.

1996 నాటి పెసా చట్టం మత్తు పదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని అదుపు చేసే అధికారం గ్రామసభకు ఇచ్చింది. అది షెడ్యూల్డ్ ప్రాంతాలకే. మన కడప జిల్లా తాండాలు వాటిలో లేవు. కాబట్టి మన హద్దు మనమే మాటతో కట్టుకోవాలి.

గోవా కాజు ఫెనీకి 2009లో, అస్సాం దిమాసా గిరిజనుల బియ్యం మద్యం జుడిమాకు 2021లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బెల్జియం బీరు సంస్కృతిని 2016లో యునెస్కో వారసత్వంగా గుర్తించింది. మనకూ అలాంటి గుర్తింపు కావాలని చదువుకున్న మనవాళ్లు కొందరు అంటున్నారు. తప్పు కాదు. కానీ గుర్తింపు అడిగేముందు ఆ లాభం ఎవరి ఇంటికి పోతుంది, ఆ తాగుడు ఎవరి ఇంట్లో పడుతుంది అని తాండాలో ఆడవాళ్లను కూర్చోబెట్టి అడగాలి.

యువకులకు మేం చెప్పేది ఒక్కటే. వచ్చే పెండ్లికి ముందు తాండాలో కూర్చోండి. నాయక్‌ను, కారోబారిని పిలవండి. ఆడవాళ్లను వెనక వరుసలో కాకుండా పక్కన కూర్చోబెట్టుకోండి. దేవతకు ఎంత పోయాలి, అతిథికి పోయాలా వద్దా, పోస్తే ఎంతవరకు, పిల్లల ముందు పోయాలా అని మాట్లాడుకుని ఒక మాట మీదికి రండి. ఆ మాట సారాకూ బీరుకూ ఒకేలా ఉండాలి. ఆ మాటకు పోలీసు అక్కర్లేదు, లైసెన్సు అక్కర్లేదు. ఉపాధ్యాయులు తరగతిలో ఏ పిల్లవాడినీ తాండా పేరుతో పిలవనివ్వకండి. పులియడం పాఠం వచ్చినప్పుడు కల్లునూ బీరునూ ఒకే బోర్డు మీద రాసి చూపించండి. పిల్లలకు మిగతా ప్రశ్నలు వాళ్లంతట వాళ్లే పుడతాయి.