అడిగి దిగిన సముద్రం

శ్రీరాంపూర్ కాలనీ పిల్లలకు సముద్రమంటే ఎల్‌టీసీ. సింగరేణి కార్మికుడు కుటుంబంతో ఊళ్లు తిరిగి రావడానికి కంపెనీ ప్రయాణ ఖర్చులిచ్చే ఏడు వచ్చిందంటే, ఏ పూరీకో రామేశ్వరానికో విశాఖకో బయల్దేరేవాళ్లు. పెద్దలకది దైవదర్శనం. పిల్లల ధ్యాసంతా అలల మీదే. మా బాపు మాత్రం అంతర్వేది పోదామనేవాడు. "మన మంచిర్యాల గోదారి యాడ కలుస్తదో కండ్లార సూడాలె" అన్నది ఆయన కోరిక.

మంచిర్యాలలో రైలెక్కితే కాజీపేట, విజయవాడ, భీమవరం దాటి నరసాపురం. అక్కడ రేవులో పంటు ఎక్కాలి. మనుషులు, సైకిళ్లు, కొబ్బరికాయల బస్తాలు అన్నీ ఒకే బల్ల మీద గోదారి దాటుతాయి. ఎండాకాలం ఇసుక మేటల నడుమ సన్నని పాయలుగా మిగిలే మా గోదారేనా ఇది అనిపించేది. కాళేశ్వరంలో ప్రాణహితను కలుపుకొని, భద్రాద్రి రాముణ్ని చూసుకొని, ధవళేశ్వరం దాటి పాయలుగా చీలి వచ్చిన నది. ఇక్కడ దాని పేరు వశిష్ఠ. మా బొగ్గు బాయిల్లోంచి పంపులు తోడిపోసే నీళ్లు కూడా వాగుల్లో పడి చివరికి గోదారిలోనే కలుస్తాయి. అందుకే బాపు పంటు అంచున నిలబడి, దోసిట్లోకి నీళ్లు తీసుకొని చాలాసేపు చూసేవాడు. షిఫ్టంతా బూట్లు నానిన నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చూస్తున్నట్టు ఉండేది ఆ చూపు.

సఖినేటిపల్లి వైపు దిగి బస్సులో వెళ్తే అంతర్వేది. రక్తవిలోచనుడనే రాక్షసుడి నెత్తుటి బొట్టు నేలపడితే మరో రక్తవిలోచనుడు పుట్టే వరముందట. మాయాశక్తి నాలుక పరిచి ఆ నెత్తుటిని ఆపితేనే నరసింహస్వామి వాణ్ని సంహరించగలిగాడని స్థలపురాణం. ఆ శక్తే స్వామికి చెల్లెలుగా, గుర్రాలక్కగా పూజలందుకుంటోంది. గుడి కట్టించిన కొపనాతి కృష్ణమ్మ విగ్రహాన్ని కూడా ఆలయంలోనే చూడవచ్చు. ఇంత గుడి చూసినా మేం ఊరుకునేవాళ్లం కాదు. ఇంకా ముందుకు, అన్నాచెల్లెళ్ల గట్టు దాకా పోవాల్సిందే. ఒక పక్క నది, మరో పక్క సముద్రం. రెండు రంగుల నీళ్లు ఒకదాన్నొకటి ఆనుకొని ఉంటాయి.

నీళ్లు కనపడగానే నేను పరిగెత్తాను. బాపు రెక్క పట్టి ఆపాడు. సంకల్పం చెప్పించే అయ్యగారు ముందు రాయి తెమ్మన్నారు. పిప్పలాద మహర్షి నుంచి పుట్టిన కృత్య అనే శక్తి సముద్రంలో ఉంటుందని, ఆమెకు ఆహారంగా ఓ రాయి సమర్పించి, అనుమతి అడిగిన తర్వాతే దిగాలని వివరించారు. పర్వదినాల్లో తప్ప సముద్రాన్ని తాకకూడదని కూడా పెద్దలు చెబుతారు. మేం రాయి కోసం ఒడ్డంతా వెతికాం. ఎటు చూసినా ఒండ్రు, ఇసుక. గులకరాయి కూడా లేదు. జీవితమంతా బండల కింద పని చేసిన మనిషికి ఒక్క రాయి దొరకలేదు! చివరికి అయ్యగారే, "ఇసుక వెయ్యి బాబూ, ఫర్వాలేదు" అన్నారు. బాపు తడి ఇసుకను పిడికిట్లో ముద్దగా నొక్కి, అలలోకి విసిరి, రెండు చేతులూ జోడించాడు. పెదవులు కదిలాయి. ఏమన్నాడో వినపడలేదు.

రాత్రి సత్రంలో అడిగాను, అట్ల ఎందుకు అడగాలె అని.

"బాయిల కూడ అంతే బిడ్డా. ముందుగాల గుడికాడ మొక్కుతం. లోపలికి పోయినంక కట్టెతోని పైకప్పు తట్టి చెవి పెడ్తం. గట్టిగ మోగితే పని. బోలుగ మోగితే, వద్దంటున్నదని ఎనుకకొస్తం" అన్నాడు.

మొక్కు వేరు, తట్టి చూడటం వేరు అని నేను బడిలో నేర్చుకున్నాను. ఒకటి భక్తి, రెండోది జాగ్రత్త. ఆయనకు ఆ రెండూ ఒకే పని. ఎదుట ఉన్నది తనకంటే పెద్దదని తెలిసినవాడు చెవి పెడతాడు. చెవి పెట్టేవాడికే మొక్కు అర్థమవుతుంది. నాకిప్పటికీ శరణాగతి అంటే అదే. కళ్లు మూసుకొని దూకడాన్ని ఆ మాటతో పిలవడం నాకు ఇష్టముండదు. లంకకు దారి కావాల్సిన రాముడు కూడా ముందు విల్లు ఎక్కుపెట్టలేదు. దర్భల మీద పడుకొని మూడు రాత్రులు సముద్రుణ్ని ప్రార్థించాడు. కోపం తర్వాత వచ్చింది. బాణంతో సముద్రాన్ని ఎండించగల చేతులు ముందుగా జోడించుకున్నాయన్నది, యుద్ధకాండలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా కదిలించే ఘట్టం.

ఈ అడగడాన్ని ఒక యాత్రగానే నడిపారు గోదావరి జిల్లాల పెద్దలు. చొల్లంగి అమావాస్యనాడు మొదలుపెట్టి, ఏడు గోదావరీ పాయలు కడలిలో కలిసే చోట్ల స్నానాలు చేస్తూ, మాఘ శుద్ధ ఏకాదశికి అంతర్వేది చేరడం సప్తసాగర యాత్ర. ముందురోజు దశమి రాత్రి స్వామికి కల్యాణం. ఏకాదశినాడు రథం కదులుతుంది. పెళ్లయిన మర్నాడే అన్న వచ్చి చెల్లెలు గుర్రాలక్కకు చీర, సారె పెట్టి వెళ్తాడు. రక్తవిలోచనుడి యుద్ధంలో ఆమె చేసిన సాయాన్ని ఆయన మరిచిపోలేదు.

ఇప్పుడు మా శ్రీరాంపూర్‌లో ఓపెన్‌కాస్టు వచ్చింది, అక్కడ తట్టి చూడటానికి పైకప్పే లేదు. కుటుంబాలు కార్లలో నేరుగా బీచ్ దాకా వెళ్తున్నాయి. పిల్లలు డోరు తీస్తూనే నీళ్లలోకి పరిగెడతారు. సెలవుల్లో అలలు లాక్కెళ్లిన పిల్లల వార్త చదివినప్పుడల్లా నాకు రెక్క పట్టి ఆపిన ఆ చెయ్యి గుర్తొస్తుంది. ఈ మాఘంలో అంతర్వేది వెళ్లే కోల్‌బెల్ట్ వాళ్లకు ఒక్క విన్నపం. వీలుంటే నరసాపురం దాకా రైల్లో వెళ్లి, పంటు ఎక్కండి. మన ఊరి గోదారి ఎంత వెడల్పయిందో పిల్లలకు ముందు చూపించండి. ఒడ్డున రాళ్లు దొరకవు. ఇసుక చాలు.