జీతం తీసుకున్న పని

చలివేంద్రం పెట్టినాయన పోతే ఫ్లెక్సీ కడతారు. ముప్పై ఏళ్ళు వీధి వీధికీ నీళ్ళు వదిలినాయన పోతే కట్టరు. ఇద్దరూ ఒకే మనిషైతే? కోకాపేటలో ఈమధ్య పోయిన ఒక పెద్దాయన ఫోటో కింద "సమాజ సేవకుడు" అని రాశారు. నీళ్ళ లైన్‌మన్ అన్న మాట ఎక్కడా లేదు.

పేరు రాయను, ఆయనకి నచ్చేది కాదు. రిటైరయ్యాక ఎండాకాలం వస్తే సర్వీస్ రోడ్డు పక్కన రంజన్లకి తడిగుడ్డ చుట్టి, బిల్డింగ్ పనులకొచ్చిన కూలీలకి నీళ్ళు పోసేవారు. ముసలివాళ్ళ పింఛను కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగేవారు. సంతాప సభలో అందరూ దీని గురించే మాట్లాడారు. తప్పేం కాదు. కానీ డబ్బు తీసుకోకుండా చేసిన మంచి, డబ్బు తీసుకుని చేసిన మంచి కన్నా పెద్దదని మనం ఎప్పుడు తేల్చుకున్నాం?

రోజు విడిచి రోజు నల్లా వచ్చే చోట వాల్వు తిప్పే మనిషి ఓ చిన్నపాటి న్యాయమూర్తి. పల్లంలో ఉన్న వీధికి నీళ్ళు ముందు అందుతాయి. మిట్ట మీది ఇంట్లో నల్లా బుస్సుమని గాలి కొడుతుంది. పల్లపు వాల్వుని కొంచెం బిగిస్తే తప్ప నీళ్ళు పైకెక్కవు. ఎన్ని చుట్లు బిగించాలో ఏ కాగితంలోనూ ఉండదు, చేతికి తెలియాలి. ఉన్నది గంటే అనుకోండి, "ఇంకో పది నిమిషాలు ఉంచు అన్నా" అని ఒకరు నోటు చేతిలో పెడితే ఆ పది నిమిషాలు ఇంకో వీధి బిందెల్లోంచి పోతాయి.

కాంట్ 1785లో రాసిన నీతిశాస్త్ర గ్రంథంలో ఒక దుకాణదారు ఉంటాడు. చిన్నపిల్లాడు కొనడానికొచ్చినా ఎక్కువ ధర తీసుకోడు. అది నిజాయితీయా, వ్యాపారం బాగుండాలన్న లెక్కా అని కాంట్ అనుమానం. దుకాణదారుకి కనీసం మళ్ళీ వచ్చే గిరాకీ ఉంది. తెల్లవారుజామున నాలుగింటికి వాల్వు గుంత దగ్గర ఏముంటుంది? చావి తిప్పేవాడూ, చీకటీ. అక్కడ లంచం వద్దన్న సంగతికి సాక్షి ఒక్కడే, ఇవ్వబోయినవాడు. సంతాప సభలో వాడు మైకు పట్టుకోడు కదా. మనుషుల్లోని అతి మంచి భాగం జ్ఞాపకాల్లోకి రాకుండా పోయేది ఇక్కడేననుకుంటాను.

తాజ్‌మహల్‌కి రాళ్ళెత్తినవాళ్ళ గురించి అడగడానికి మనకి శ్రీశ్రీ ఉన్నాడు. కట్టిన తర్వాత రోజూ చూసుకునేవాళ్ళ గురించి ఎవరూ అడగలేదు. 1908 మూసీ వరద తర్వాత విశ్వేశ్వరయ్య సలహా ఇచ్చారు, 1920లో గండిపేట చెరువు పూర్తయింది, ఉస్మాన్ అలీఖాన్ పేరు పెట్టారు. ఇంతవరకూ అందరికీ తెలుసు. ఆ నీళ్ళు పంపు లేకుండా, వాలు మీదే, రాతి కాలువలో ఆసిఫ్‌నగర్ దాకా నడిచి వెళ్ళేవి. కానీ కాలువ తనంతట తాను వందేళ్ళు నిలవదు. పూడిక తీయాలి, చెట్ల వేళ్ళు కొట్టాలి, పగుళ్ళు పూడ్చాలి. ఆ పనికి శిలాఫలకం ఎక్కడ వేస్తారు, ప్రారంభోత్సవమే లేనప్పుడు?

ఇదంతా ఒకసారి ఆయనతోనే అంటే నవ్వి, "జీతం తీస్కున్న గద బిడ్డా, ఇంక దండమెందుకు?" అన్నారు. జీతం గంటలకే గానీ చుట్లకి కాదు కాకా, మిట్ట మీద బిందె నిండినా నిండకపోయినా మీ జీతం అంతే కదా అన్నాను. గట్టి వాదనే అనుకున్నాను. ఆయన మాత్రం, "నువ్వు దండం పెడితే రేపొచ్చేటోడు దండం కోసం చూస్తడు" అన్నారు.

దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. నిజమే, నీళ్ళకి కృతజ్ఞత చెప్పడం అలవాటైతే హక్కు కాస్తా దయ అయిపోతుంది. చలివేంద్రంలో దోసిలి పట్టి తాగొచ్చు, నల్లా దగ్గర దోసిలి పట్టాల్సిన పని ఉండకూడదు. బహుశా అందుకే ఆయన రెండు పనుల్నీ కలపనిచ్చేవారు కాదు. కానీ కృతజ్ఞత వద్దంటే మరుపే మిగలాలా? దండం లేకుండా, ఊరికే సరిగ్గా గుర్తుపెట్టుకోవడం ఒకటి ఉండాలి. ఫలానా ఆయన, ఫలానా వీధుల వాల్వులు, మిట్ట మీదికి నీళ్ళెక్కేవి. అంతే రాస్తే చాలు. ఫ్లెక్సీలో చోటు కూడా తక్కువే పడుతుంది.

2023 ఆగస్టు వేలంలో కోకాపేటలో ఎకరం వంద కోట్లు దాటింది. ఇప్పుడక్కడ నలభయ్యో అంతస్తులో నల్లా తిప్పినా నీళ్ళొస్తాయి. కింద ఎక్కడో సంపు దగ్గర రాత్రి డ్యూటీలో ఒకాయన ఉంటాడు, ట్యాంకర్ ఎప్పుడొచ్చిందో, మోటారు ఎప్పుడు వేశాడో పుస్తకంలో రాసుకుంటూ. ఫ్లాట్లవాళ్ళ ఫోన్లలో ఆయన నంబరు "వాటర్, బి బ్లాక్" అని ఉంటుంది.