అవయవాలు, సందులు, ఒక పాత చేతక్

పాత స్కూటరును ఇంటి వసారాలో నట్టు నట్టుగా విప్పి, తుప్పు గీకి, టింకరింగు చేయించి, రంగు వేయించి, మళ్ళీ బిగించే పనికి పునరుద్ధరణ అని పేరు పెట్టడం పరిపాటి. మరుగున పడి ఉన్నదాన్ని పైకి తీశారన్న ధ్వని ఈ మాటలో ఉంది. కాని విప్పడం పూర్తయిన నాటికి వసారాలో మిగిలేది స్కూటరు కాదు, పాత దినపత్రికల మీద పరిచిన ఇనుము, అల్యూమినియం, రబ్బరు, వాటి పక్కన కిరోసిన్ గిన్నెలో నానుతున్న బోల్టులు మాత్రమే. బిగించాక అక్కడ నిలబడేది మునుపటి బండేనా, మరొకటా అన్న ప్రశ్న స్కూటర్లకన్నా చాలా పాతది.

బజాజ్ చేతక్‌నే తీసుకుంటే ఈ ప్రశ్న మరికాస్త చిక్కుబడుతుంది. ఇటలీకి చెందిన పియాజియోతో లైసెన్సు ఒప్పందం 1971లో ముగిశాక, 1972 నుంచి బజాజ్ ఈ బండిని రాణా ప్రతాప్ గుర్రం పేరుతో తయారు చేసింది. పేరు మారినా దేహం పియాజియో స్కూటరైన వెస్పాదే. 1946 నాటి ఆ వెస్పాను రూపొందించిన కొరాడినో దస్కానియో విమానాల ఇంజనీరు, పైగా మోటారు సైకిళ్లంటే గిట్టనివాడు; అందువల్ల గొట్టాలతో చట్రం కట్టి దాని మీద రేకు తొడిగే పద్ధతిని వదిలిపెట్టి, వంచి అతికిన రేకునే చట్రంగా నిలబెట్టాడు. బరువు మోసేదీ, పైకి కనిపించేదీ వేరువేరుగా లేని ఈ నిర్మాణాన్ని మోనోకాక్ అంటారు. లాంబ్రెటా స్కూటరుకు గొట్టపు చట్రం ఉంది గనుక రేకు పోతే రేకు మార్చుకోవచ్చు గాని, చేతక్‌లో కాళ్లు పెట్టుకునే పలక తుప్పు పట్టిందంటే వెన్నెముక తుప్పు పట్టినట్టే. టింకరింగు చేసే మనిషి చిన్న సుత్తితో ఆ పలకను అంగుళం అంగుళం తట్టుకుంటూ పోయి, ఖంగుమనే చోటు నుంచి డొల్లగా పలికే చోటును వేరు చేసి, దాని చుట్టూ సుద్దముక్కతో గీత గీస్తాడు. గీత లోపలిది కోసేసి కొత్త రేకు వెల్డింగు చేస్తారు. ఎంత మేర కోస్తే దేహం మారిపోయినట్టు లెక్క అని అతణ్ణి అడిగేవారు ఉండరు, అడిగినా రేకు ఖరీదే చెబుతాడు.

పాలి గ్రంథమైన మిలిందపన్హలో బౌద్ధ భిక్షువు నాగసేనుడు మిలిందుడనే యవన రాజుకు చెప్పే సమాధానం దాదాపు ఇంత పొడిగానే ఉంటుంది: ఇరుసు రథం కాదు, చక్రం రథం కాదు, అన్నీ కలిపిన కుప్పా రథం కాదు, ఇవన్నీ ఉన్నచోట వాడుక కోసం పెట్టుకున్న పేరే రథం. న్యాయవైశేషికులు దీనికి ఒప్పుకోరు. భాగాలను అవయవాలనీ, వాటిలో పుట్టే మొత్తాన్ని అవయవి అనీ వారు అంటారు. అవయవి అవయవాలకన్నా వేరైన వస్తువు, అది వాటిలో విడదీయరాని సంబంధంతో, అంటే సమవాయంతో ఉంటుంది. ఒక్క అవయవం తొలగినా పాత అవయవి నశించి కొత్తది పుడుతుందని కూడా వారి మతం. ఈ లెక్కన ప్లగ్గు మార్చిన ప్రతిసారీ ఇంటికి కొత్త స్కూటరు వచ్చినట్టే గనుక, ఈ సిద్ధాంతం నవ్వు తెప్పించడం సహజమే. అయితే పానా పట్టిన చేతికి నాగసేనుడికన్నా ఈ తార్కికులే ఎక్కువ పనికివస్తారు, ఎందుకంటే భాగాలకూ మొత్తానికీ నడుమ ఏం జరుగుతుందో వారు విడిగా పట్టించుకున్నారు. తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో వస్త్రాన్ని ఉదాహరణగా తీసుకుని, దారాలు సమవాయి కారణమనీ, దారాల కలయిక అసమవాయి కారణమనీ, నేత సాధనాల వంటివి నిమిత్త కారణమనీ మూడుగా విడదీశాడు. స్కూటరు విషయంలో విడిభాగాలు మొదటిది, వాటి కూర్పు రెండవది, మెకానిక్కు, పానాలు, సందు కొలిచే ఫీలర్ గేజి మూడవది. పునరుద్ధరణకు పూనుకున్నవారి ఆరాటమంతా అసలు కంపెనీ పార్టు దొరికిందా లేదా అన్న మొదటిదాని మీదే ఉంటుంది గాని, రోజులను తినేది రెండవది.

పైగా వస్త్రంలో కలయిక అంటే దారం దారాన్ని తాకడం. ఇంజనులో కలయిక చాలాచోట్ల కొలిచి ఉంచిన ఎడమే. ఫ్లైవీలు కింద ఉండే పాయింట్లు ఒక చిన్న స్విచ్చు. అవి విడిపోయిన క్షణంలోనే ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ దూకుతుంది. అవి పూర్తిగా తెరుచుకున్నప్పుడు వాటి మధ్య సందు 0.3 నుంచి 0.5 మి.మీ. దాకా ఉండాలి. ఫ్లైవీలును చేత్తో తిప్పుతూ, దాని కిటికీలోంచి కనిపించే పాయింట్లు బాగా తెరుచుకున్న చోట ఆపి, 0.40 అని చెక్కిన గేజి రేకును మధ్యలో పెట్టి లాగితే, అది వదులుగా జారిపోకుండా, గట్టిగా పట్టుకోకుండా, సన్నని ఒరిపిడితో రావాలి. అలా వచ్చిందని స్క్రూ బిగిస్తే, ఆ బిగింపుకే పలక వెంట్రుకవాసి కదిలి సందు మారిపోతుంది; అందుకే పనితెలిసిన చెయ్యి ఆ కదలికను ముందే లెక్క వేసుకుని, సందును కావాలనే కాస్త తప్పుగా పెట్టి బిగిస్తుంది. సందు పెరిగితే స్పార్కు ముందుగా పడుతుంది, తగ్గితే ఆలస్యమవుతుంది. పిస్టన్ రింగు కొసల మధ్య, క్లచ్ వైరు సడలింపులో ఉన్నదీ ఈ తీరే.

ఎడం బొత్తిగా ఉండకూడని చోట్లూ ఉన్నాయి. టూ స్ట్రోక్ ఇంజనులో పిస్టన్ పైకి లేచినప్పుడు పెట్రోలు, ఆయిలు, గాలి కలిసిన మిశ్రమం క్రాంక్‌కేసులోకి వస్తుంది, కిందికి దిగినప్పుడు అక్కడ నొక్కుకుపోయి పైకి తోసుకువెళుతుంది గనుక, క్రాంక్‌కేసు గాలి చొరకుండా ఉండాలి. ఏళ్ల తరబడి కదలని బండిలో క్రాంకు రెండు వైపులా ఉండే ఆయిల్ సీళ్ల రబ్బరు గట్టిపడుతుంది. మ్యాగ్నెట్ వైపు సీలు పోతే అదనపు గాలి చొరబడి ఇంజను వేడెక్కి పట్టేస్తుంది, క్లచ్ వైపు సీలు పోతే గేరు ఆయిలు లోపలికి పీల్చుకుపోయి వీధంతా తెల్లని పొగ కమ్ముతుంది. రంగు, క్రోమియం అద్దంలా మెరుస్తున్నా అలాంటి బండిని అవయవి అనడానికి తార్కికుడు కూడా జంకుతాడేమో.

చట్టం ఈ వివాదంలో తనదైన మాట చెప్పింది. 2021లో సవరించిన కేంద్ర మోటారు వాహన నియమాల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉండి, చెప్పుకోదగ్గ మార్పులు జరగని ద్విచక్ర వాహనాలు, కార్లు వింటేజి కిందికి వస్తాయి, వాటి నంబరులో ‘వీఏ’ అక్షరాలు చేరుతాయి. చాసిస్‌నో, దేహపు తొడుగునో, ఇంజనునో మార్చడం ఆ పెద్ద మార్పుల్లో చేరుతుంది. చాసిస్సూ తొడుగూ ఒక్కటే అయిన చేతక్ ముందు ఈ విభజన తడబడుతుంది. తుప్పు తిన్న పలక స్థానంలో రేకు అతికించడం మరమ్మతా, మార్పా అన్నచోట, సుద్దగీత గీసిన మనిషిని దాటి చట్టం ఎంతో ముందుకు పోలేదనే చెప్పాలి.

విప్పేటప్పుడే తేలిపోయే పని ఒకటి ఉంది. క్లచ్ వైరు, రెండు గేరు వైర్లు, యాక్సిలరేటరు వైరు హ్యాండిల్ దగ్గర బయలుదేరి, దేహం లోపలి ఇరుకు సొరంగం గుండా వంపులు తిరిగి ఇంజను దాకా వస్తాయి. ఆ దారి బయటికి కనిపించదు, చెయ్యి పట్టదు. అందువల్ల పాత వైరు తొడుగును లాగేసేముందు దాని కొసకు బైండింగు తీగ కట్టి లాగుతారు. పాతది బయటికి వచ్చేసరికి ఆ తీగ సొరంగంలో పరుచుకుని ఉంటుంది. రంగు వేసినంత కాలం అది లోపలే ఉంటుంది. బిగించే నాడు కొత్త తొడుగును దానికి కట్టి రెండో వైపు నుంచి మెల్లగా లాగుతూ, వంపు దగ్గర తట్టుకున్నప్పుడు కాస్త వెనక్కి వదిలి, మళ్ళీ లాగుతూ ఉంటే, కొత్త వైరు తల సొరంగం చివర కనిపిస్తుంది. ముడి విప్పి తీగను పక్కన పడేస్తారు. విడిభాగాల పట్టికలో దానికి నంబరు ఉండదు.