గుమ్మం దగ్గరి డబ్బా

హైదరాబాద్‌లో చదివే నా మేనల్లుడు గిటారు వాయిస్తాడు. దీపావళి సెలవులకు ఇంటికొచ్చినప్పుడు ఫోనులో ఒక వీడియో చూపించాడు. అమెరికాలో ఎవరిదో ఇల్లు. ఇంటి కింద బేస్‌మెంటు, చేయెత్తితే తగిలే కప్పు. గదినిండా కుర్రపిల్లలు, ఒకరిమీద ఒకరు పడుతున్నారు. వాళ్ల మధ్యనే, అదే నేల మీద, నలుగురు వాయిస్తున్నారు. స్టేజీ లేదు. "ఇది పంక్ హౌస్ షో మామా" అన్నాడు. పాట నాకు అరుపులాగే వినపడింది, అబద్ధం ఎందుకు. కానీ గుమ్మం దగ్గర ఒక అమ్మాయి డబ్బా పట్టుకుని నిలబడింది. నా చూపు ఆ డబ్బా మీదే ఆగిపోయింది.

ఆ డబ్బులు ఎవరికని అడిగాను. ఊరి నుంచి ఊరికి వ్యానులో తిరుగుతూ వచ్చిన బ్యాండుకట, పెట్రోలు ఖర్చుకు. ఇంటివాళ్లు వాటా తీసుకోరు. ముందు వాయించిన ఆ ఊరి బ్యాండ్లు కూడా చాలాసార్లు తమ వంతు వదులుకుంటాయి. వచ్చినవాళ్లు రాత్రికి ఆ ఇంట్లోనే నేలమీద పడుకుని, పొద్దున్నే ఇంకో ఊరు పోతారు. తర్వాత ఎప్పుడో ఈ ఇంటివాళ్ల బ్యాండు బయలుదేరితే, వీళ్లకూ ఎక్కడో ఒక ఇల్లు తలుపు తీస్తుంది. ఏ ఊళ్లో ఎవరింట్లో ఆడొచ్చో, ఎక్కడ పడుకోవచ్చో తెలిపే అడ్రసుల పుస్తకాన్ని 1992 నుంచి మాగ్జిమమ్ రాక్‌ఎన్‌రోల్ అనే పత్రిక కొన్నేళ్లు వేసింది. వాషింగ్టన్‌కు చెందిన ఫుగాజీ అనే బ్యాండైతే పెద్ద హాళ్లకు ఎదిగాక కూడా టికెట్టు 5 డాలర్ల దగ్గరే ఉంచాలని పట్టుబట్టింది. గుంపులో ఎవడైనా పక్కవాళ్లను కొడుతుంటే పాట ఆపి, వాడి 5 డాలర్లు వాడి చేతిలో పెట్టి బయటికి పంపేవాళ్లట. ఇది నాకు బాగా నచ్చింది.

మా గోండులకు ఇందులో వింతేమీ లేదు. దండారి రోజుల్లో మా ఊరి జట్టు గుమేలా, పర్ర భుజాన వేసుకుని ఇంకో ఊరు పోతుంది. ఆ ఊరు కాళ్లు కడుగుతుంది, అన్నం పెడుతుంది. రాత్రంతా ఆట. అక్కడే పడక. చూసేవాళ్లెవరో ఆడేవాళ్లెవరో తెల్లారేసరికి కలిసిపోతారు.

నేను నిలిచిపోయింది వేరే చోట. కొన్నేళ్ల కింద పట్నంలో ఒక పెద్ద హోటల్లో కార్యక్రమానికి మా జట్టును పిలిచారు. చదువుకున్నవాణ్ని కదా, బేరం నేనే ఆడాను. తలకు ఆరువందలు. కొలబొడితో దించేయాల్సిన నెమలీకల టోపీని వేసవిలో పెట్టించాను. సాయంత్రం నాలుగింటికి పెట్టుకున్నవాళ్లు తొమ్మిదింటిదాకా లిఫ్టు పక్కన నిలబడ్డారు. ఆడింది ఏడు నిమిషాలు. మధ్యలో తాడు కట్టారు. అతిథులు అటు భోంచేశారు, మాకు పొట్లాలు ఇచ్చారు. డబ్బు మాత్రం చెప్పినంతా లెక్కపెట్టి ఇచ్చారు.

డబ్బే తప్పని అనుకుందామంటే ఆ బేస్‌మెంటులోనూ డబ్బుంది. అక్కడ డబ్బిచ్చినవాడూ పాడినవాడూ ఒకే నేల మీద ఉన్నారు. ఆ డబ్బు రేపటి ఊరి దాకా తీసుకుపోతుంది. హోటల్లో ఇచ్చింది మమ్మల్ని అక్కడే ముగించడానికి. తేడా నాకు ఇలా అర్థమైంది. ఇది పూర్తిగా నిజమని కూడా అనలేను. ఆ పిల్లల్లో ఎక్కువమంది తెల్లవాళ్లు, చాలామందికి వెనక్కి పోతే ఓ ఇల్లుంటుంది. తక్కువ తీసుకోవడం వాళ్లు ఎంచుకున్నది. మా గుమేలా వాయించే పెద్దాయనకు ఆ ఆరువందలు రెండు వారాల సరుకులు. కళకు వెల కట్టొద్దని ఆయనకు చెప్పేవాళ్లంతా నెలజీతగాళ్లే, నాతో సహా.

అయినా పోయిన దండారికి పక్క ఊరు బయలుదేరుతుంటే నా దగ్గర చదివిన ఏడో తరగతి పిల్లవాడు అడిగాడు: "సార్, ఆ ఊళ్లో ఎంత ఇస్తారు?" వాడు ఆ మాట నేర్చుకున్నది నా దగ్గరే. నేను చెప్పుల కోసం వెతుకుతున్నట్టు వంగాను.

నిన్న మేనల్లుడు ఫోన్ చేశాడు. వాడి స్నేహితుల బ్యాండు నాగపూర్ నుంచి హైదరాబాద్ పోతోందట, ఒక రాత్రి మన వాకిట్లో వాయిస్తారట, రమ్మంటావా అని. అమ్మ చెవులు మూసుకుంటుందేమో అన్నాను. రమ్మన్నాను.

"డబ్బా పెట్టాలా మామా?"

"అన్నం మనం పెడదాం. పెట్రోలుకు ఎంతవుతుందో కనుక్కో" అన్నాను.