బిడ్డను కోల్పోయిన తల్లి చెంత

శ్రీమద్భాగవతము షష్ఠ స్కంధములోని చిత్రకేతూపాఖ్యానమును మనము తత్త్వోపదేశము కొరకే చదువుచుందుము. పుత్రశోకమున మునిగిన శూరసేనాధిపతికి అంగిరసుడును నారదుడును బోధించిన ఘట్టమే మనకు ముఖ్యముగా తోచును. కాని ఆ మునులకంటె ముందు శిశువు శయ్యను చేరినది ఒక దాది. బిడ్డ చాలసేపు నిద్రించుచున్నాడని తలచి రాణి కృతద్యుతి ఆమెను పంపినది. దాది చూచునప్పటికే ప్రాణము పోయినది. ఆమె నేలపై పడి, గుండెలు బాదుకొని ఏడ్చినది. పిదప తల్లి విలాపమును వ్యాసభగవానుడు కుదింపక వినిపించినాడు. ఉపదేశము ఆ తరువాతనే వచ్చినది. ఈ క్రమమును మనము గమనింపకయే పోవుచున్నాము.

నేడు ఆ దాది స్థానమున ప్రసూతి వైద్యశాలలో నర్సు, గ్రామమున ఆశా కార్యకర్త ఉన్నారు. పాలు త్రాగి నిద్రించిన పసికందు మరల లేవకపోవుట నేటికిని జరుగుచున్నది. శవపరీక్ష చేసినను తగిన కారణము కానరాని ఇట్టి మరణములకు 1969లో సియాటిల్ నగరమున కూడిన వైద్యులు ప్రత్యేక నిర్వచనము నిచ్చిరి. శిశువును వెల్లకిల పరుండబెట్టుడని 1991లో ఇంగ్లండులోను, 1994లో అమెరికాలోను ప్రచారము సాగిన పిదప ఇవి చాలవరకు తగ్గినవి, పూర్తిగా పోలేదు. జాగ్రత్తలన్నియు పాటించిన ఇంటను ఇది జరుగవచ్చును. కావున ‘ప్రక్కలో వేసికొని నలిపితివి’, ‘పాలు పొలమారినవి’, ‘దిష్టి తగిలినది’ అని తల్లిపై మోపుట అన్యాయము. కారణము తెలియనప్పుడు తెలియలేదని చెప్పుటయే సత్యము. ఆ మాటను నర్సు భర్త, అత్తమామల ఎదుటనే చెప్పవలెను. తల్లి చెవిలో చెప్పినది వాకిట నిలిచిన బంధువులకు చేరదు.

పచ్చిబాలింతకు మృతశిశువును చూపరాదని మన ఇండ్లలో పెద్దలు పట్టుబట్టుదురు. ఆ భయము ప్రేమవలన పుట్టినదే. అయినను చూడగోరిన తల్లికి అడ్డుపడుట తగదు. చూడలేనన్న తల్లిని బలవంతపెట్టుటయు తగదు. నెమ్మదిగా అడిగి, కాదన్నచో కొంతసేపటికి మరల అడుగవలెను. శుభ్రమైన వస్త్రమున చుట్టి, పేరు పెట్టియున్నచో ఆ పేరుతోనే పిలిచి, చేతుల కందింపవలెను. పాదముద్రను కాగితముపై తీసియిచ్చుటకు కొంచెము సిరా చాలును. తండ్రి సంగతియు కలదు. ఖననపు ఏర్పాట్లకై అతనిని పరుగెత్తించి, ఏడ్చుటకు తీరిక లేకుండ చేయుట మనకు అలవాటైపోయినది.

పాల సంగతి ఎవ్వరును ఎత్తరు. బిడ్డ పోయినను పాలు వచ్చుచునే యుండును. ముందుగా చెప్పనిచో, తడిసిన రవికను చూచుకొని ఆమె పడు వేదన చెప్పనలవి కాదు. చల్లని గుడ్డ వేయుట, బరువు తగ్గునంత మాత్రమే పిండుట, జ్వరముగాని ఎర్రదనముగాని కనబడిన వెంటనే వైద్యునికి చూపుట నేర్పవలెను. ఇతర బాలింతల నడుమనుండి ఆమె మంచమును మార్చవలెను గాని ఒంటరిగా విడువరాదు.

‘చిన్నదానవు, మరల పుట్టును’ అను ఓదార్పు మంచిమనసుతో అన్నదే. కాని దేవకీదేవిని తలచుకొనుడు. రామకృష్ణులు పెరిగి లోకప్రసిద్ధులైన తరువాత కూడ, కంసుడు చంపిన ఆరుగురిని చూడవలెనని ఆమె కోరినది. సాక్షాత్తు భగవంతుడే పుత్రుడైనను ఆ ఆరుగురి చోటు నిండలేదు! స్వామి ఆమెను మందలింపలేదు. సుతలమునకు వెళ్ళి, బలిచక్రవర్తి చెంతనున్న వారిని తెచ్చి ఇచ్చినాడు. ఆమె ఒడిలోనికి తీసికొని పాలిచ్చినది. ఆ పిదపనే వారు దేవలోకమునకు వెళ్ళిరి.

మరి తత్త్వబోధ నిరర్థకమా? కాదు. చిత్రకేతువునకు అదియే శాంతి నిచ్చినది. అయితే జ్ఞానదీపమును చూపుడని అతడే మునులను ప్రార్థించినాడు. ‘ఇది నేను చేసికొన్న పాపమేనా నర్సమ్మా?’ అని తల్లి అడిగినప్పుడు ఆమె కోరునది కర్మసిద్ధాంతము కాదు. ‘కాదమ్మా’ అని చేయి పట్టుకొన్నచో చాలును.

ఆస్పత్రిలో కాన్పు అయిన ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ దినములలో రావలెనని నియమము కలదు. శిశువు లేదు గదా యని ఆ రాక ఆగరాదు. తల్లి శరీరము ఇంకను బాలింత శరీరమే. నలువది రెండవ దినమునకు బంధువులందరు వెళ్ళిపోయి యుందురు. అప్పుడు అరుగుపై కూర్చుండి, బిడ్డ పేరు పలికి, రాత్రులు నిద్ర పట్టుచున్నదా యని అడుగు మనిషి ఆ ఇంటికి కావలెను.